వెనక బస్సు ఖాళీగా వస్తోంది

(డిసెంబరు 3న, అంతర్జాతీయ వికలాంగుల దినోత్సవం సందర్భంగా, కోనసీమలోని ఒక గ్రంథాలయం ఆవరణలో ఒక విశ్రాంత బస్సు కండక్టరు చేసిన ప్రసంగం. రికార్డు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం.

ముప్పై ఒక్క ఏళ్ళు నిలబడి ఉన్న జనంతో మాట్లాడినవాణ్ణి. ఇలా అందరూ కుర్చీల్లో కూర్చుని నా మాట వింటుంటే కొంచెం బెరుకుగా ఉంది. ఒక్కరూ మిగతా చిల్లర అడగడం లేదు. (నవ్వులు)

ఈ సభ లోపల హాల్లో జరగాల్సింది. చెట్టు కింద పెట్టారు. గ్రంథాలయానికి అయిదు మెట్లున్నాయి, ఈ రోజు వచ్చినవాళ్ళలో నలుగురు ఆ మెట్లు ఎక్కలేరు. వాళ్ళను మోసుకుని లోపలికి తీసుకెళ్ళే బదులు సభనే బయటికి మోసుకొచ్చారు. మంచి పని చేశారు. పుస్తకాలు మాత్రం ఇంకా పైనే ఉన్నాయి, అది గుర్తుంచుకోండి.

నాకు ఇచ్చిన విషయం 'దివ్యాంగులు, ప్రయాణ సౌకర్యాలు'. అంత పెద్ద విషయం నా వల్ల కాదు. నేను గజంన్నర పొడవు కూడా లేని ఒక చోటు గురించి మాట్లాడతాను. సరిగ్గా చెప్పాలంటే 1,300 మిల్లీమీటర్ల పొడవు, 750 మిల్లీమీటర్ల వెడల్పు. ఇంగ్లండు బస్సుల్లో చక్రాల కుర్చీకి కనీసం వదలాల్సిన చోటు అంత. ఆ చోటులో నేను ఒకసారి కూర్చున్నాను. కూర్చోకూడని విధంగా కూర్చున్నాను. ముందు ఆ కథ చెబుతాను.

మా అమ్మాయి, అల్లుడు లీడ్స్‌లో ఉంటారు. మనవరాలు పుట్టినప్పుడు నేనూ మా ఆవిడా వెళ్ళి అయిదు నెలలు ఉన్నాం. వంటిల్లు ఆవిడ డ్యూటీ, పిల్లల బండి తోయడం నా డ్యూటీ. ఆ బండిని ప్రామ్ అంటారు, పుష్‌చైర్ అంటారు, బగ్గీ అని కూడా అంటారు. మన వైపు బగ్గీ అంటే గుర్రం ఉండాలి. అక్కడ తాతయ్య ఉంటే చాలు. (నవ్వులు)

అక్కడి బస్సు చూసి ఒక వారం రోజులు నాకు నోట మాట రాలేదు. ఎక్కేచోట మెట్టు లేదు. డ్రైవరు మీట నొక్కితే బస్సు కాలిబాట వైపు మెల్లగా ఒరుగుతుంది, కొట్టంలో పడుకోబోయే ఎద్దు ముందుకాళ్ళు మడిచినట్టు. ఇంకో మీట నొక్కితేనో, డ్రైవరు దిగి చేత్తో లాగితేనో ఒక పలక జారి నేలకు ఆనుతుంది. చక్రాల కుర్చీ దాని మీదుగా ఎక్కేస్తుంది. లోపల ముందువైపే సీట్లు లేని ఖాళీ ఉంటుంది. అక్కడ నిటారుగా ఒక మెత్తటి పలక. కుర్చీలో వచ్చినవాళ్ళు ఆ పలకకు వీపు ఆనించి, బస్సు వెనక వైపు చూస్తూ కూర్చోవాలి. గట్టిగా బ్రేకు పడితే మనిషిని ఆ పలకే పట్టుకుంటుంది. ఎవరో బుర్ర పెట్టి ఆలోచించారు అనిపించింది.

ఎవరికీ అవసరం లేనప్పుడు ఆ ఖాళీలో పిల్లల బండి పెట్టుకోవచ్చు. అందరూ పెడతారు. నేనూ పెట్టాను.

మార్చి నెల, సన్నటి వాన. పిల్ల గంటసేపు గుక్కపట్టి ఏడ్చి, బస్సు ఎక్కాక నిద్రపోయింది. చిన్నపిల్లలున్న ఇంట్లోవాళ్ళకు ఆ నిద్ర ఖరీదు తెలుసు. బండి బ్రేకు తొక్కి పక్కనున్న మడత సీటులో కూర్చున్నాను. అమ్మాయి వెనక ఎక్కడో కూర్చుని ఫోనులో మాట్లాడుతోంది. నాలుగో స్టాపో అయిదో స్టాపో వచ్చింది. తలుపు తెరుచుకుంది. బయట వానలో ఒక పెద్దావిడ, చక్రాల కుర్చీలో. ఒళ్ళో సంచి, సంచిలోంచి ఉల్లికాడలు తొంగిచూస్తున్నాయి. డ్రైవరు నా వైపు తిరిగి, బండి మడిచి ఆ చోటు ఇవ్వగలరా అని మర్యాదగా అడిగాడు.

నాకు అర్థమైంది. అయినా కిటికీలోంచి బయటికి చూశాను. ఇంగ్లీషు రానివాడిలా ముఖం పెట్టాను. టికెట్ తీసుకోకుండా నిద్ర నటించేవాళ్ళను ముప్పై ఒక్క ఏళ్ళు లేపినవాణ్ణి. ఆ నటన ఎలా చేయాలో నాకంటే బాగా ఎవరికి తెలుసు? (నవ్వులు)

రెండోసారి అడిగాడు. నేను వానను చూస్తూనే ఉన్నాను. అప్పుడు ఆయన ఇంజను ఆపేశాడు.

అద్దం మీద వైపరు సగంలో ఆగిపోయింది. బస్సులో పాతిక మంది దాకా ఉన్నారు, ఒక్కరూ మాట్లాడలేదు. మన దగ్గర అయితే ఈపాటికి పదిమంది పది తీర్పులు చెప్పేవాళ్ళు, ఒకాయన నాకూ డ్రైవరుకూ ఇద్దరికీ చీవాట్లు పెట్టేవాడు. అక్కడ వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. నాకు సిగ్గు వేసింది. నిజం చెప్పాలంటే సిగ్గుకంటే ముందు ఆశ్చర్యం వేసింది. ఎందుకంటే అది నా పద్ధతి! ఫుట్‌బోర్డు మీద వేలాడే కాలేజీ కుర్రాళ్ళను లోపలికి రప్పించడానికి నేను ఎన్ని వందలసార్లు ఆ పని చేయించానో లెక్కలేదు. డ్రైవరుకు ఒక గంట కొడతాను. బస్సు ఆగుతుంది. 'మీరు లోపలికి వస్తేనే బండి కదులుతుంది' అని చెప్పి చేతులు కట్టుకుని నిలబడతాను. నేను మళ్ళీ నోరు విప్పాల్సిన పని ఉండదు. మిగతా యాభై మంది చూపులే ఆ పని చేస్తాయి. సముద్రం దాటి వెళ్తే నా మందు నాకే పోశారు.

లేచాను. పిల్లను భుజాన వేసుకోగానే లేచి ఏడుపు అందుకుంది. ఒక చేత్తో పిల్ల, ఇంకో చేత్తో బండి మడిచే బొత్తాం కోసం వెతుకులాట. అది ఎక్కడుందో నాకు తెలియదు. రోజూ తోస్తాను గానీ మడవడం ఎప్పుడూ అమ్మాయి పనే. బండి అడుగున ఉన్న సంచి తిరగబడి పాల సీసా, డైపర్లు నేలంతా దొర్లాయి. అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. ఇద్దరం కలిసి మడిచేసరికి రెండు నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాలూ పెద్దావిడ వానలోనే ఉంది. ఎక్కి, కుర్చీ తిప్పుకుని, పలకకు ఆనుకుని, నా వైపు చూసి థాంక్యూ అంది.

ఆ థాంక్యూ ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది. ఆవిడ చోటు ఆవిడకు వదిలినందుకు నాకు థాంక్యూ ఏమిటి?

ఆ రాత్రి భోజనాల దగ్గర అల్లుడు నవ్వి, 'మామయ్యగారూ, మీరు ఇవాళ చేసిన పని మీద ఈ దేశంలో సుప్రీంకోర్టు దాకా కేసు నడిచింది, అదీ ఈ ఊరికి వచ్చే బస్సు మీదే' అన్నాడు. ఆ తీర్పు గురించి నాకు చదివి వినిపించాడు కూడా. మీకూ చెబుతాను, ఎందుకంటే బస్సు గురించి అంత తీరిగ్గా ఆలోచించిన మనుషులను నేను మళ్ళీ చూడలేదు.

2012 ఫిబ్రవరి 24. లీడ్స్‌కు దగ్గర్లో వెదర్‌బీ అనే చిన్న ఊరు. డగ్ పాలీ అనే ఆయన చక్రాల కుర్చీలో బస్సు కోసం ఉన్నారు. లీడ్స్ వెళ్ళి, అక్కడ రైలు పట్టుకుని, స్టేలీబ్రిడ్జ్ అనే ఊళ్ళో తల్లిదండ్రులను కలవాలి. బస్సు వచ్చింది. కుర్చీ చోటులో ఒక తల్లి, బండిలో నిద్రపోతున్న బిడ్డ. 'ఈ చోటు చక్రాల కుర్చీవాళ్ళకు ఇవ్వండి' అని అక్కడ బోర్డు కూడా ఉంది. డ్రైవరు అడిగాడు. బండి మడతపడదు అని ఆమె కదలలేదు. పోనీ నా కుర్చీ మడిచి మామూలు సీటులో కూర్చుంటాను అన్నారు పాలీ. మడిచిన కుర్చీని కట్టడానికి ఏర్పాటు లేదు, దారిలో మలుపులు ఎక్కువ, ప్రమాదం అన్నాడు డ్రైవరు. మలుపుల దారిలో కట్టని సామాను ఎక్కించకూడదనే నియమం మన కాలవగట్టు రోడ్ల మీద పెడితే ఒక్క అరటి గెల కూడా రావులపాలెం చేరదు. (నవ్వులు) పాలీ తర్వాతి బస్సు ఎక్కారు. రైలు తప్పిపోయింది. అమ్మానాన్నల దగ్గరికి గంట ఆలస్యంగా చేరారు.

గంట! మనం గంట ఆలస్యాన్ని ఆలస్యం కింద లెక్కకట్టం. ఆయన కట్టారు. బస్సు నడిపే ఫస్ట్‌గ్రూప్ సంస్థ మీద కోర్టుకు వెళ్ళారు. 2013లో లీడ్స్ కోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పి 5,500 పౌండ్లు ఇప్పించమంది. 2014లో పైకోర్టు దాన్ని కొట్టేసింది. చివరికి 2017 జనవరి 18న సుప్రీంకోర్టులో ఏడుగురు జడ్జీలు తీర్పు చెప్పారు. డ్రైవరు ఒకసారి అడిగి, కాదంటే ఊరుకోవడం సరిపోదన్నారు. ఎదుటి మనిషి కాదనడంలో న్యాయం లేదని డ్రైవరుకు అనిపిస్తే, ఆ మాటను విన్నపంలా కాక, కదిలి తీరాలి అన్నట్టు గట్టిగా చెప్పాలన్నారు. అప్పటికీ కదలకపోతే, కొన్ని నిమిషాలు బస్సు ఆపి ఉంచవచ్చు, ఆ ఒత్తిడికో సిగ్గుకో కదులుతారేమో చూడాలన్నారు.

విన్నారా? మన డెల్టాలో ఎనిమిదో తరగతి చదివిన కండక్టరుకు కూడా తెలిసిన ఉపాయం అది. ఏడుగురు జడ్జీలు, అయిదేళ్ళ వ్యాజ్యం పట్టింది. నేను వెటకారంగా అనడం లేదు. మనం చిరాకులో చేసే పనిని వాళ్ళు నియమం చేశారు. తేడా అక్కడుంది. నేను బస్సు ఆపించింది ఫుట్‌బోర్డు కుర్రాళ్ళ కోసం, నా ఉద్యోగం పోకుండా. కుర్చీలో ఉన్న మనిషి కోసం ఎన్నిసార్లు ఆపించానో అడగకండి. అక్కడికే వస్తున్నాను.

తీర్పులో ఇంకో సగం ఉంది. ఆ తల్లిని బలవంతంగా దించేయాలని మాత్రం కోర్టు అనలేదు. అన్ని ప్రయత్నాలూ చేశాక కూడా ఆమె మొండికేస్తే, పాలీ వేరే బస్సు చూసుకోవాల్సిందే. ఇక పరిహారం సంగతి. డ్రైవరు ఇంకాస్త గట్టిగా అడిగి ఉంటే చోటు దొరికేదని కింది కోర్టులో తేలలేదు కాబట్టి, నలుగురు జడ్జీలు డబ్బు అక్కర్లేదన్నారు, ముగ్గురు ఇవ్వాలన్నారు. కేసు గెలిచారు, డబ్బు రాలేదు. నాకు ఆ ముగ్గురి మాటే నచ్చింది. తల్లిని వానలో దించమని ఏ కండక్టరూ కోరుకోడు, ఆ మేరకు కోర్టు మాట సబబే. కానీ గంట పోగొట్టుకున్న మనిషికి ఆ గంట ఎవరు తిరిగి ఇస్తారు?

ఈ కథలో నన్ను నిద్రపోనివ్వని సంగతి ఇంకొకటి ఉంది. ఆ ఖాళీ చోటు ఎలా వచ్చిందో అల్లుడు చెప్పాడు. ఒకప్పుడు లండనులో కూడా బస్సుకు మెట్లే. ప్రామ్ ఉన్న తల్లి స్టాపులోనే బిడ్డను దించి, బండి మడిచి, రెండూ మోసుకుని ఎక్కాలి. చక్రాల కుర్చీ మనిషి అసలు ఎక్కలేడు. 1990ల్లో ఆ కుర్చీల మనుషులు రోడ్లమీదికి వచ్చి బస్సులకు తమను తాము గొలుసులతో, బేడీలతో కట్టుకున్నారు. పోలీసులు తీసుకుపోతే మళ్ళీ వచ్చి కట్టుకున్నారు. 2000లో నిబంధనలు వచ్చాయి, కొత్త బస్సుల్లో ఆ చోటు తప్పనిసరి అయింది. పాతవన్నీ మారేసరికి 2017 వచ్చింది. ఆ పోరాటం వల్ల మెట్లు పోయాయి. మెట్లు పోయాక తల్లులు బండి మడవకుండా ఎక్కసాగారు. అంటే నా మనవరాలు నిద్రపోయిన చోటు బేడీలు వేసుకున్నవాళ్ళు సంపాదించి పెట్టింది. నేను దాంట్లో కూర్చుని వానను చూస్తున్నాను.

ఇక మన ఊరికి వద్దాం.

మన దగ్గర పిల్లల బండి బస్సు ఎక్కదు. చంకలో బిడ్డ ఎక్కుతుంది. బిడ్డతో పాటు సంచి, సంచితో పాటు ఇంకో బిడ్డ. చక్రాల కుర్చీ కూడా ఎక్కదు. నేల నుంచి మొదటి మెట్టు మోకాలి ఎత్తు, ఎక్కాక ఇరుకు సందు, పక్కకు మూడు, పక్కకు రెండు సీట్లు. కాబట్టి ఇంగ్లండు తగవు మనకు లేదని మురిసిపోనక్కర్లేదు. వాళ్ళకు చోటు ఉంది కాబట్టి తగవు ఉంది. మనకు చోటే లేదు. పొలమే లేనివాడికి గట్టు తగాదా ఏముంటుంది?

కానీ మన బస్సుకూ ఒక చట్టం ఉంది. కిటికీలోంచి తువ్వాలు వేస్తే సీటు వేసినవాడిది. (నవ్వులు) నవ్వుతున్నారు గానీ ఆ చట్టాన్ని పార్లమెంటు చేసిన చట్టాలకంటే ఎక్కువ గౌరవిస్తాం. సీటు మీద పెద్ద అక్షరాలతో 'వికలాంగులకు' అని రాసి ఉంటుంది, దాని మీద తువ్వాలు ఉంటుంది. తువ్వాలే గెలుస్తుంది. ఈ అక్షరాల సంగతి కూడా చెప్పాలి. 2015 చివర్లో ప్రధానమంత్రి 'దివ్యాంగులు' అనే మాట వాడాక ఆ పేరు ప్రభుత్వ కాగితాల మీదికి, చాలాచోట్ల బోర్డుల మీదికి ఎక్కింది. అక్షరాలు మారాయి, మెట్టు ఎత్తు మారలేదు. నన్నడిగితే ఏ పేరైనా పరవాలేదు, మెట్టు దించండి అంటాను.

ముందు వచ్చినవాడిదే అనే మాట గోదావరి డెల్టాలో పుట్టినవాడు అనకూడదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పటి నుంచి మనం నీళ్ళు పంచుకునే పని నేర్చుకుంటున్నాం. కాలవ తల దగ్గరి రైతుకు నీళ్ళు ముందు వస్తాయి. అవి తనవే అనుకుంటే, చివరి ఆయకట్టు రైతు దాళ్వాలో నారు కూడా పోసుకోలేడు. అందుకని నీళ్ళు తక్కువైన ఏడు వంతులవారీ పెడతారు. తూము దగ్గర కాలవ తలుపులు ఎత్తి దించే లస్కరు ఉంటాడు. ఎగువ రైతు మంచివాడైతే దిగువకు నీళ్ళు వస్తాయని ఎవరూ చేతులు ముడుచుకుని కూర్చోరు. దిగువ రైతు ఎగువ రైతు ఇంటికి వెళ్ళి బతిమాలుకోవాలనీ ఎవరూ అనరు. లస్కరు వస్తాడు, తలుపు దించుతాడు, అంతే. తిట్లు తింటాడు, అది ఆయన ఉద్యోగం.

బస్సుకు లస్కరు కండక్టరు. కుర్చీలో ఉన్న మనిషి బిడ్డ తల్లిని బతిమాలుకోకూడదు. బిడ్డ తల్లి కుర్చీ మనిషి ముఖం చూసి నేరం చేసినట్టు కుంగిపోకూడదు. ఇద్దరి మధ్యా మూడో మనిషి నిలబడి తిట్లు తినాలి. నేను చెప్పదలచుకున్నది ఇంతే. కానీ నేను ఆ లస్కరు పని చేయనిరోజు ఒకటి ఉంది. అది చెప్పకపోతే ఈ మైకు ముందు నిలబడే అర్హత నాకు లేదు.

ఏడు సరిగ్గా గుర్తులేదు, ఉద్యోగంలో చేరిన నాలుగైదేళ్ళకు. టికెట్లు కాగితంవే, పంచ్ చేసి ఇచ్చే రోజులు. అమలాపురం వైపు వెళ్ళే పొద్దుటి సర్వీసు. ఒక స్టేజిలో ఒక కుర్రాడు ఎక్కేవాడు, ఇరవై రెండేళ్ళుంటాయి, పోలియోతో రెండు కాళ్ళూ పోయాయి. చేత్తో తిప్పే మూడు చక్రాల బండిలో స్టాపు దాకా వచ్చేవాడు. నేనూ ఇంకొకరూ చంకల కింద చేతులు వేసి అతన్ని ఎక్కించేవాళ్ళం. బండి పక్కనున్న టీ కొట్టులో ఉండిపోయేది. బరువు తక్కువే. చేతులు మాత్రం ఇనుప కడ్డీల్లా ఉండేవి.

ఆ రోజు బస్సు కిటకిట. ఇంజను పక్కన గెలలు, ముందు తలుపు దగ్గర రెండు చేపల బుట్టలు. వికలాంగుల సీటులో చంటిబిడ్డతో ఒకామె, పక్కన ఆమె అత్తగారు, ఒళ్ళో మూట. బస్సు ఆగింది. కుర్రాడు చేతులు రెండూ పైకి చాపి ఉన్నాడు, ఎత్తుకోమన్నట్టు. నేను లోపలికి చూశాను. ఆమెను లేపాలంటే బిడ్డను ఎవరికో ఇవ్వాలి, అత్తగారు నోరు చేసుకుంటుంది, బుట్టలు జరపాలి, అప్పటికే పది నిమిషాలు ఆలస్యం. ఫుట్‌బోర్డు మీదే నిలబడి అన్నాను, 'వెనక బస్సు ఖాళీగా వస్తోంది, దాంట్లో రా బాబూ.'

ఈ మాట అనని కండక్టరు భూమి మీద లేడు. నమ్మిన ప్రయాణికుడూ లేడు. అతను చేతులు దించి, నవ్వి, 'ఆ బస్సు నాకు తెలుసండి, అది ఎప్పుడూ రాదు' అన్నాడు.

పోనివ్వమని నేను రెండు గంటలు కొట్టాను.

తర్వాతి నెలలో తెలిసింది. ఆ రోజు ఆసుపత్రిలో వైకల్య ధ్రువపత్రం ఇచ్చే డాక్టర్లు కూర్చున్నారట. ఆ కాగితం ఉంటేనే బస్సు పాసు వస్తుంది. కాళ్ళు లేవని కాగితం రాయించుకోవడానికి వెళ్ళాలి, కాళ్ళు లేవు కాబట్టి వెళ్ళలేకపోయాడు. మళ్ళీ డాక్టర్లు కూర్చునేదాకా ఆగాడు. ఆ సంగతి అతను చెప్పలేదు, టీ కొట్టాయన చెప్పాడు. అతను మాత్రం ఎప్పటిలాగే చేతులు చాపాడు, నేను ఎత్తుకున్నాను. నాకు చేతులు వణికాయి, అతనికి తెలిసే ఉంటుంది.

ఆ తల్లిది తప్పు లేదు. బిడ్డతో ఉంది, సీటు దొరికింది, కూర్చుంది. నేను అడగలేదు. అడగకుండానే ఆమె ఒప్పుకోదని నేనే తీర్పు రాసేశాను. పాలీ ఎక్కబోయిన బస్సు డ్రైవరు కనీసం ఒకసారి అడిగాడు, అది చాలదని ఆ బస్సు సంస్థను కోర్టు తప్పు పట్టింది.

చట్టం సంగతి తొందరగా చెబుతాను, వకీళ్ళు ఉన్నారు ఇక్కడ. 2016లో వికలాంగుల హక్కుల చట్టం చేశారు, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. దాంట్లో 41వ సెక్షను రవాణా గురించి. బస్టాండ్లు, మరుగుదొడ్లు, టికెట్ కౌంటర్లు అన్నీ అందుబాటులో ఉండాలంది. పాత బస్సులు కూడా మార్చాలంది గానీ, సాంకేతికంగా వీలైతే, ఖర్చు గిట్టుబాటైతే, పెద్ద మార్పులు అక్కర్లేకపోతే అని మూడు తోకలు తగిలించింది. తోకలున్నచోట పని జరగదు. 2024 నవంబరు 8న మన సుప్రీంకోర్టు, రాజీవ్ రతూరి అనే చూపులేని ఆయన 2005లో వేసిన కేసులో, ఈ సౌకర్యాల ప్రమాణాలు సలహాలుగా ఉంటే కుదరదు, తప్పనిసరి చేయండి అని కేంద్రానికి మూడు నెలలు గడువు పెట్టింది. అక్కడ ఒక మనిషి బస్సు కోసం, ఇక్కడ ఒక మనిషి అన్నిటి కోసం. ఇద్దరూ ఏళ్ళ తరబడి కోర్టు మెట్లు ఎక్కారు. కోర్టుకు కూడా మెట్లే కదా.

మనకు బస్సు ఎందుకు ముఖ్యమో డెల్టా బయటివాళ్ళకు అర్థం కాదు. కోటిపల్లి నుంచి నరసాపురం రైలు మార్గం ఇంకా కడుతూనే ఉన్నారు. అమలాపురానికి రైలు లేదు. గౌతమి, వైనతేయ, వశిష్ఠ మధ్య ఉన్న మనకు ఆసుపత్రికైనా కాలేజీకైనా బస్సే, లేదంటే ఆటో. ఆటోలో కుర్చీ పట్టదు. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కినవాళ్ళు చూసే ఉంటారు, అది బల్లపరుపు. మోటారు సైకిళ్ళు, కార్లు, గేదెలు, మూడు చక్రాల బండి, అన్నీ దొర్లుకుంటూ ఎక్కుతాయి. నది మీద నేలమట్టం పలక పెట్టగలిగాం, రోడ్డు మీద పెట్టలేకపోయాం. పట్టణ బస్సులకు కేంద్రం రాసిన కొలతల్లో లోఫ్లోరు అంటే 400 మిల్లీమీటర్ల ఎత్తు. నా మోకాలు కంటే తక్కువ. కొలత రాసే ఉంది.

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి వచ్చింది, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌ల్లో ఆడవాళ్ళకు ఉచితం. కొందరు మగవాళ్ళు మూతి విరుస్తున్నారు. నాకు సంతోషం. నేను ఉద్యోగం చేసిన రోజుల్లో, ఛార్జీకి చాలక రెండు స్టేజీలు ముందే దిగి బిడ్డను ఎత్తుకుని నడిచిపోయిన తల్లులను చూశాను. ఇప్పుడు వాళ్ళు చివరిదాకా కూర్చుని వెళ్తున్నారు. కానీ బస్సు అంతే ఉంది. ముందు వరసల్లో బిడ్డ తల్లులు, గర్భిణులు, ముసలివాళ్ళు, కర్ర పట్టుకున్నవాళ్ళు, అందరూ అదే నాలుగు సీట్లకు. పేదవాళ్ళ మధ్య పెట్టిన పోటీ అది. ఇంకో సంగతి, చాలా సర్వీసుల్లో డ్రైవరే టికెట్లు కొడుతున్నాడు. లస్కరును తీసేసి తూమును దానంతట అదే తిరగమన్నట్టు. ఇంగ్లండులో ఆ డ్రైవరు ఒక్కడే ఉండబట్టే అంత కష్టమైంది. మనం కూడా అదే దారి పట్టాం, వాళ్ళ మెట్లు లేని బస్సు మాత్రం తెచ్చుకోలేదు.

(సభలోంచి ఒకామె: 'బండి మడవడం తేలికని మగవాళ్ళు అంటారు. ఇద్దరు పిల్లలున్న తల్లి ఏం చేయాలండి?')

మంచి ప్రశ్న అమ్మా. తేలిక కాదు. పాల సీసా దొర్లించుకున్నవాణ్ణి, నేను తేలిక అనను. కవలలుంటే ఇంకా కష్టం. నేను అనేది ఒకటే. మీకు ఉన్న దారి కష్టమైన దారి. కుర్చీ మనిషికి దారే లేదు. అందుకని ముందు వంతు అతనిది. కానీ ఆ కష్టం మీ ఒక్కరి నెత్తిన పడకూడదు. లీడ్స్ బస్సులో పాతికమంది చూస్తూ కూర్చున్నారు, ఒక్కరూ లేచి పిల్లను పట్టుకోలేదు. మర్యాదస్తులు మరి, ఎదుటివాళ్ళ పిల్లను ముట్టుకోరు. మన బస్సులో నిలబడ్డ తల్లి బిడ్డను అడగకుండానే సీటులో ఉన్నావిడ ఒళ్ళోకి లాక్కుంటుంది. బిడ్డ కూడా ఏడవకుండా ఆవిడ గాజులు లెక్కపెడుతుంది. ఇరవై కిలోమీటర్లు పేరు తెలియని ఒళ్ళో కూర్చుని వచ్చిన పిల్లలం మనం. ఆ గుణం ఉంది. మెట్టు లేని బస్సు లేదు. వాళ్ళకు రెండోది ఉంది, మొదటిది లేదు.

(ఇంకొకరు: 'ఆ కుర్రాడు ఇప్పుడెక్కడ ఉన్నాడు?')

ఉన్నాడు. కుర్రాడు కాదు ఇప్పుడు, తల నెరిసింది. సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. కొట్టుకు గడప లేదు, నేలకు సమంగా సిమెంటు వాలు కట్టించాడు. నా ఫోను అక్కడే బాగుచేయించుకుంటాను. వెళ్ళినప్పుడల్లా ఒకే మాట అడుగుతాడు, 'వెనక బస్సు వచ్చిందా అండి?' అని. నేనేం చెప్పను?

(గంట మోగింది.)

నిర్వాహకులు గంట కొట్టారు. కండక్టరుకే గంట కొడుతున్నారు. రెండు కొడితే పోనివ్వమని, ఒకటి కొడితే ఆపమని. ఒకటే కొట్టారు కదూ. ఆపుతున్నాను. నమస్కారం.